పెద్దింటి మనుషులు

మునిరత్నమ్మ మండల ఆఫీసుకు రావడం అది అయిదోసారి. మొదటిసారి ఫారం తప్పన్నారు. రెండోసారి ఫారం సరేగానీ ఫొటో పాతదన్నారు. మూడోసారి సారు మీటింగుకు పోయాడన్నారు. నాలుగోసారి సర్వరు పనిచేయలేదు. అయిదోసారి సారూ ఉన్నాడు, సర్వరూ ఉంది, కరెంటూ ఉంది. ఇక వంక దొరకదులే అనుకుని ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని కిటికీ ముందు నిలబడింది. గుమస్తా ఆమె ఇచ్చిన కులం సర్టిఫికెట్టును వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, ఆ వంక కూడా కనిపెట్టాడు.

"ఇది చెల్లదమ్మా. కింద ఏం రాసుండాదో సూడు."

మునిరత్నమ్మకు చదువు సంతకం వరకే. పక్కనున్న కూతురు రేవతి వంగి చదివింది. "ఎన్నికల నిమిత్తం మాత్రమే."

"అంటే ఏంది సార్?"

"అంటే నువ్వు ఎలక్షనుకు మాత్రమే ఎస్టీ. చదువుకు కాదు. పైగా ఈ పాప టీసీలో ఓసీ అని ఉండాది. ఓసీ బిడ్డకు యానాది సర్టిఫికెట్టు ఇస్తే నా ఉద్యోగం ఊడిపోతాది."

మునిరత్నమ్మ కాగితాన్ని వెనక్కి లాక్కుంది. ఆమె ఎవరో కాదు, ఏటిగట్టు కండ్రిగ గ్రామ సర్పంచి. ఆ సీటు ఎస్టీ మహిళకు రిజర్వు చేసిన సీటు. నాలుగున్నరేళ్లుగా ఆమె అందులో కూర్చుని ఉంది. ఊరిని ఏలడానికి సరిపడా యానాది, కన్నకూతురిని చదివించడానికి సరిపడా యానాది కాకుండా పోయింది. ఇలాంటి లెక్క ఏ బళ్లో నేర్పుతారో గాని, ఆఫీసులో కూర్చున్న ప్రతివాడికీ వచ్చు.

రేవతికి తిరుపతిలో నర్సింగు సీటు వచ్చింది. ఎస్టీ కోటాలో వచ్చింది. శనివారం పొద్దున సర్టిఫికెట్లు చూస్తారు. ఆ రోజు కులం కాగితం చూపించకపోతే సీటు జాబితాలో తరవాత ఉన్నవాళ్లకు పోతుంది. ఇవాళ మంగళవారం.

"మరేం చెయ్యాల సార్?"

"ఆర్ఐ మీ ఊరికొచ్చి విచారణ చెయ్యాల. మీరు యానాదులేనని అయిదుగురు పెద్దమనుషులు సంతకాలు పెట్టాల. మీవాళ్లు పెడితే కుదరదు, వేరే కులాలోళ్లు పెట్టాల."

యానాది యానాది అని చెప్పడానికి యానాది పనికిరాడన్నమాట. మునిరత్నమ్మ గుమస్తా ముఖం వంక చూసింది. అతను ఎగతాళి చేయడం లేదు. అదే ఆమెకు ఇంకా ఒళ్లు మండించింది.

ఈ సీటు కథ తెలిస్తే ఆ మంట ఎక్కడిదో తెలుస్తుంది. తొంభై అయిదులో మొదటిసారి కండ్రిగ సర్పంచి పదవి ఎస్టీలకు రిజర్వయింది. అప్పటికి ఊళ్లో పెద్దింటి వెంకటేశ్వర్లు మాటే మాట. ఊరి భూమిలో సగం ఆయనది, మిగతా సగంలో కూడా ఆయన మాటే చెల్లేది. ఆయన నిమ్మతోటకు ఓబయ్య కావలి. ఓబయ్య శ్రీహరికోట దీవిలో పుట్టి, అక్కడ రాకెట్లు వస్తాయని జనాన్ని ఖాళీ చేయించినప్పుడు తండ్రి భుజం మీద ఇవతలి ఒడ్డుకు వచ్చినవాడు. వెంకటేశ్వర్లు పొద్దున ఓబయ్యను మోటారు సైకిలు మీద ఎక్కించుకుపోయి, సాయంత్రానికి ఎస్టీ సర్టిఫికెట్టుతో తిరిగొచ్చాడు. ఒక్క పూటలో. పోటీ లేకుండా ఓబయ్య గెలిచాడు. ప్రమాణం చేసిన రోజు కూడా మధ్యాహ్నానికల్లా తోటకు పోయి కావలి కాశాడు. పంచాయతీ ఆఫీసులో కుర్చీ వెంకటేశ్వర్లుది, గడప ఓబయ్యది. అయిదేళ్లూ ఆ గడప మీద కూర్చునే సంతకాలు పెట్టాడు.

తరవాత సీటు ఆడవాళ్లకు వచ్చింది. వెంకటేశ్వర్లు భార్య సర్పంచి అయింది. ఆమె ఇల్లు కదలలేదు, పదవే ఇంటికొచ్చింది. ఆ తరవాత ఎవరైనా నిలబడొచ్చన్నారు, వెంకటేశ్వర్లే నిలబడ్డాడు. ఆ తరవాత బీసీలకన్నారు, ఆయన ట్రాక్టరు డ్రైవరు వరదయ్య నిలబడ్డాడు. ప్రభుత్వం పేకను ఎన్ని రకాలుగా కలిపినా, ముక్క మాత్రం ఆ ఇంటి అరుగు మీదే పడింది. ఊరివాళ్లు కూడా దీనికి తగ్గట్టు మాటలు సర్దుకున్నారు. మొదట్లో గెలిచినవాణ్ణి ప్రెసిడెంటు అనేవాళ్లు. ఓబయ్య దగ్గర్నుంచి గెలిచినవాడు సర్పంచి అయ్యాడు, పెద్దింటాయన ప్రెసిడెంటుగా ఉండిపోయాడు. ఒక పదవికి రెండు పేర్లు, ఇద్దరు మనుషులు.

రెండువేల ఇరవై ఒకటిలో సీటు ఎస్టీ మహిళకు వచ్చింది. అప్పటికి వెంకటేశ్వర్లు మంచం పట్టాడు, కొడుకు ధర్మేంద్ర ప్రెసిడెంటయ్యాడు. ఎన్నికయ్యి కాదు, పుట్టి. ఓబయ్య కోడలు మునిరత్నమ్మను అతను నిలబెట్టాడు. అవతలి వర్గంవాళ్లు యానాది కాలనీలోనే ఆమె పిన్నమ్మ కూతుర్ని నిలబెట్టారు. ఒకరిది ఉంగరం గుర్తు, ఒకరిది కత్తెర. పొద్దున్నుంచి వేరు వేరు జీపుల్లో తిరిగి ఒకరినొకరు ఓడించమని చెప్పి, సాయంత్రం ఇద్దరూ కలిసి కుంటలో ఎండ్రకాయలు పట్టేవాళ్లు. మునిరత్నమ్మ అరవై ఒక్క ఓట్లతో గెలిచింది. ఆమెకు సర్టిఫికెట్టు తెప్పించడం కూడా ధర్మేంద్రే చేశాడు. అదీ ఒక్క పూటే. కింద ఏదో సన్నగా రాసి ఉందని అప్పుడు ఎవరు చూశారు?

మామలాగా గడప మీద కూర్చోనని ఆమె మొదటి రోజే కుర్చీ లాక్కుంది. అంతవరకే. సర్పంచి స్టాంపు ధర్మేంద్ర ఇంట్లో, కంప్యూటరు సంతకం పెట్టే తాళం ధర్మేంద్ర జేబులో. కాగితాలు తెస్తే సంతకం పెట్టింది. ఎందుకు పెట్టావని అడిగితే, మొగుడు పోలయ్య ఆ ఇంటి నిమ్మతోటకు కావలి, ఆ తోటే వాళ్ల బియ్యం.

ఆ పోలయ్యే టీసీలో ఓసీ పడడానికి కారణం. ఆ సంగతి మంగళవారం సాయంత్రం తెలిసింది.

ఆమె ఆఫీసు నుంచి నేరుగా ఊరి బడికి పోయి ప్రధానోపాధ్యాయురాలు నిర్మలమ్మ చేత పాత రిజిస్టరు తీయించింది. పన్నెండేళ్ల కిందటి పేజీలో రేవతి పేరు, తండ్రి పేరు, పక్కన పెద్దింటివాళ్ల కులం. అచ్చంగా, పొందికగా, ఎర్ర గీత కూడా లేకుండా. ఇంటికి వచ్చి మొగుణ్ణి నిలదీసింది.

"బిడ్డను బళ్లో ఏసిన రోజు ఆ అయ్యోరికి ఏం చెప్పినావు?"

పోలయ్య చాలాసేపు తల గోక్కున్నాడు. అతను చెడ్డవాడు కాదు, తాగుబోతు కాదు, పెళ్లాన్ని ఒక్క దెబ్బ కొట్టినవాడు కాదు. కానీ ఏదన్నా అడిగితే జవాబు వచ్చేలోపు కోడి గుడ్డు పెట్టి, పొదిగి, పిల్లను కూడా చేస్తుంది.

"మీరెవురప్పా అని అడిగినాడు."

"నువ్వేం చెప్పినావు?"

"ఎంకటేశ్వర్లన్న మనుషులం అని చెప్పినాను. ఎవురడిగినా అదే గదా చెప్పేది. మా నాయనా అదే చెప్పేవాడు."

అతని తప్పు ఏముంది. ఆ వైపు యానాదులను దారిలో ఎవరు ఆపి ఎవరని అడిగినా, ఫలానా దొర మనుషులం, ఫలానా తోట మనుషులం అని చెప్పుకోవాలి. చెప్పకపోతే దొంగలని కొట్టేవాళ్లు. ఆ అయ్యవారు కడప వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. అక్కడ మనుషులంటే బంధువులు. వెంకటేశ్వర్లు బంధువు చిరిగిన పంచెతో వచ్చాడేమిటా అని కూడా అనుకోకుండా ఆ ఇంటి కులమే రాసేశాడు. రేవతికి స్కాలర్‌షిప్పు ఎప్పుడూ రాలేదు. ఎందుకు రాలేదని వీళ్లు అడగలేదు, వీళ్లు అడగలేదని బడి అడగలేదు.

"నీ నోటితో ఒక్క ముక్క, యానాదులం సార్ అని చెప్పుంటే పోయేదేంది?"

"అడిగింది ఎవురని గదా. ఏ కులమని కాదు గదా."

మునిరత్నమ్మ చేతిలో ఉన్న చెంబు నేలకేసి కొట్టింది. అది దొర్లుకుంటూ పోయి పక్కింటి గుమ్మం ముందు ఆగింది.

బుధవారం ఆమె ధర్మేంద్ర దగ్గరికి పోయింది. ఊళ్లో సంతకం పెట్టాల్సిన అయిదుగురు పెద్దమనుషుల్లో అతను ముందు పెడితేనే మిగతావాళ్లు పెడతారు. అతను ఆమెను అరుగు మీద కూర్చోమన్నాడు, కాఫీ ఇప్పించాడు. అప్పుడే ఆమెకు అనుమానం వచ్చింది.

"దానికేముండాదమ్మే. రేవతి మన బిడ్డ. ఆర్ఐ కిరణ్ నాకు తెలిసినోడే, రేపే రమ్మంటాను. నువ్వు కూడా ఒక చిన్న కాగితం చూడాల."

చిన్న కాగితం అంటే తీర్మానం. కాలనీ వెనక కుంట వాడుకలో లేదని, దాన్ని పూడ్చడానికి పంచాయతీకి అభ్యంతరం లేదని. పక్క ఫ్యాక్టరీలకు వచ్చే కూలీలకు అక్కడ రేకుల గదులు కట్టి అద్దెకివ్వాలని ధర్మేంద్ర ఆలోచన. వాడుకలో లేని ఆ కుంటలో ఆమె నిన్ననే చేపలు పట్టింది. ఇరవై రెండు ఇళ్ల కూర అందులోంచే వస్తుంది.

"ఇది పెట్టేస్తే అదీ అయిపోతాది. శనివారానికి ఎక్కువ టైము లేదు గదా" అన్నాడు ధర్మేంద్ర. బెదిరించలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పాడు.

ఆమె చదువుకోవడానికన్నట్టు కాగితం మడిచి రవికలో పెట్టుకుంది. చదవలేదని అతనికీ తెలుసు. ఆ రోజంతా ఆమె మనిషి మనిషిలో లేదు. అన్నం వండి ఉప్పు మరిచింది. ఒక పక్క బిడ్డ చదువు, ఒక పక్క ఇరవై రెండు ఇళ్ల కూర. ఇలాంటి తూకం తన చేతికే ఎందుకిచ్చారని ఆమెకు దేవుడి మీద కూడా కోపం వచ్చింది. పొద్దున లేచి రేవతితో, "పెట్టేస్తానే, ఏం చేస్తాం" అంది. రేవతి ఒప్పుకోలేదు. "పెట్టినాక మళ్లీ ఇంకో కాగితం తెస్తాడమ్మా."

గురువారం పదింటికి ఆర్ఐ కిరణ్ వచ్చాడు. పంచాయతీ ఆఫీసు ముందు వేపచెట్టు కింద కుర్చీలు వేశారు. ధర్మేంద్ర ఒక కుర్చీలో, పక్కన మరో నలుగురు. కార్యదర్శి మహిత బల్ల మీద కాగితాలు పరిచింది. కాలనీ జనమంతా దూరంగా నిలబడ్డారు. కిరణ్ కుర్రవాడు, ఎండకు విసిగి ఉన్నాడు, ఇంకో రెండు ఊళ్లకు పోవాలి.

"పాప తండ్రి ఎవరు? నువ్వేనా? చెప్పు, మీరెవరు?"

యానాదులమని చెప్పమని మునిరత్నమ్మ పొద్దున్నించి మొగుడికి పదిసార్లు నూరిపోసింది. పోలయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా కుర్చీలో ధర్మేంద్ర. నూరిపోసినదంతా ఎగిరిపోయి, పుట్టినప్పటి నుంచి వచ్చిన మాటే వచ్చింది.

"ధర్మేంద్రన్న మనుషులం సార్."

కుర్చీల్లో ఎవరో నవ్వారు. కిరణ్ పెన్ను ఆపాడు. "అంటే? బంధువులా? టీసీలో కూడా అదే ఉంది. ఏమండీ ప్రెసిడెంటుగారూ, వీళ్లు మీవాళ్లేనా?"

ధర్మేంద్ర మునిరత్నమ్మ వంక చూసి, ఆమె రవికలోంచి కనబడుతున్న కాగితం అంచు వంక చూసి, నిదానంగా అన్నాడు. "ఏమో సార్. బడి రికార్డులో రాసుండాదంటే, మనం కాదనేదానికి లేదు గదా."

అప్పుడు ఆమెకు భయం పోయింది. భయం పోవడానికి ధైర్యమే రానక్కర్లేదు, విసుగు బాగా ముదిరినా పోతుంది. అయిదుసార్లు తిరిగిన ఆఫీసు, చెల్లని కాగితం, అరుగు మీది కాఫీ, ఈ నవ్వూ, ఈ మొగుడూ, అన్నీ కలిసి గొంతులోకి వచ్చాయి.

"సరే సార్, అట్లే రాసుకోండి. మేం పెద్దింటోళ్ల మనుషులమే. మాది వాళ్ల కులమే. అదే రాయండి."

కిరణ్ తల ఎత్తాడు.

"రాయండి సార్, నేను చెప్తా ఉండాను. మేం యానాదులం కానప్పుడు నేను ఎస్టీ సీట్లో నాలుగున్నరేండ్లు కూర్చున్నది దొంగతనమే గదా. ఎలక్షను కొట్టేయండి. నేను పెట్టిన సంతకాలన్నీ కొట్టేయండి. చెరువుకట్ట మింద రోడ్డుకు నా సంతకమే. సెల్లు టవరుకు నా సంతకమే. అన్న కోళ్లఫారానికి నా సంతకమే. యావీ చెల్లవు. నా నామినేషను మింద, ఈమె యానాది, నిలబెడతా ఉండాను అని సంతకం పెట్టింది ఈ అన్నే. అబద్ధం రాసినాడని అదీ రాసుకోండి."

ధర్మేంద్ర కుర్చీలో కదిలాడు. "ఏమ్మే, ఊరుకో. ఏదో మాటకన్నాను."

"ఊరుకోనన్నా. ఇంగొక మాటుండాది. ఒక కులమై, ఒక మనుషులమైనాక నిమ్మతోటలో మాకు భాగం రావాల. మా మామ ఓబయ్య ముప్పై ఏండ్లు కాసినాడు, మా ఆయన ఇరవై ఏండ్లు కాసినాడు. ఇంగ కావలి కాయం. పంచుకుంటాం. ఆర్ఐ సారూ, ఆ తోట సర్వే నంబరు కూడా రాసుకోండి, మళ్లీ మళ్లీ మీరు రాలేరు."

ఈసారి నవ్వింది కాలనీ జనం. చాలా ఏళ్లుగా నవ్వనట్టు నవ్వారు. మహిత తల వంచుకుని కాగితాలు సర్దుతున్నట్టు చేసింది గాని భుజాలు ఊగుతున్నాయి. కిరణ్ ధర్మేంద్ర వైపు తిరిగాడు. అతని గొంతులో ఇప్పుడు మర్యాద తగ్గింది. "చూడండి, నామినేషను మీద మీ సంతకం ఉంటే అది నేను చూడాల్సిందే. వీళ్లు ఎవరో తేల్చి చెప్పండి."

కోళ్లఫారం ఒక వైపు, గుప్పెడు మనుషుల ముందు మాట పోవడం ఒక వైపు. ధర్మేంద్ర పెన్ను తీసుకున్నాడు. "యానాదులే సార్. ఊరంతటికీ తెలుసు" అని సంతకం గీకాడు. మిగతా నలుగురూ వరసగా పెట్టారు. కిరణ్ సర్పంచి స్టాంపు కూడా కావాలన్నాడు. పెద్దింటి నుంచి స్టాంపు తెప్పించారు. మునిరత్నమ్మ ముద్ర వేసి, దాన్ని తిరిగి ఇవ్వలేదు. రవికలోని తీర్మానం కాగితం మాత్రం ఇచ్చింది, సంతకం లేకుండా.

శుక్రవారం సాయంత్రం సర్టిఫికెట్టు చేతికొచ్చింది. శుక్రవారం సాయంత్రమే పోలయ్యకు తోటకు రానక్కర్లేదని కబురొచ్చింది. అది వస్తుందని ఆమెకు తెలుసు. పోలయ్య గుడిసె ముందు చతికిలబడి, తోటవైపే చూస్తూ అడిగాడు.

"ఇంగ ఎవురైనా అడిగితే ఎవురి మనుషులమని చెప్పాల?"

అతను నిజంగానే అడుగుతున్నాడు. ఆమెకు కోపమూ జాలీ ఒకేసారి వచ్చి, కోపమే గెలిచింది.

"యానాదులమని చెప్పయ్యా. ఆ ఒక్క మాట నీ నోట్లోంచి రావడానికి నేను ఇంకెన్ని ఆఫీసులు తిరగాల?"

శనివారం తెల్లవారుతూనే రేవతిని అతని వెంట సూళ్లూరుపేటలో తిరుపతి బస్సు ఎక్కించింది. పోలయ్యకు ఇప్పుడు తీరికే గదా. ఎక్కించే ముందు చెప్పింది. "ఆడ ఎవురేం అడిగినా నువ్వు నోరు తెరవబాక. బిడ్డ చెప్తాది."

తను మాత్రం బడికి పోయింది. మంగళవారం నిర్మలమ్మ రేవతి పేరు చూపించినప్పుడు, చదవడం రాకపోయినా, ఆ పేజీలో అదే రాత కిందా పైనా కంటపడింది. అప్పుడు ఆలోచించే తీరిక లేకపోయింది, అప్పటినుంచి ముల్లులా గుచ్చుతూనే ఉంది. నిర్మలమ్మ రిజిస్టరు తెరిచి వేలు పెట్టి ఒక్కో వరసా చూసింది. యానాది కాలనీ పిల్లలు, అందరి తండ్రులూ కావలివాళ్లే, అందరూ అయ్యవారికి ఒకే జవాబు చెప్పారు. రేవతి కాక పదహారు మంది. పదహారు మందీ పెద్దింటివాళ్ల కులమే.

"ఒక్కో పేరుకూ ఒక్కో అర్జీ పెట్టాలమ్మా. ఒక్కోదానికీ ఒక్కో విచారణ. ఆ అయిదుగురూ మళ్లీ పదహారు సార్లు సంతకాలు పెట్టాల. పెడతారా?" అంది నిర్మలమ్మ.

అప్పుడే ఫోను మోగింది. రేవతి.

"అమ్మా, సీటు ఇచ్చేసినారు. కాగితాలన్నీ చూసి సరే అన్నారు."

"మీ నాయన?"

"నోరు తెరవలేదు. గేటు కాడ వాచ్‌మన్ అడిగినా చెప్పలేదు. ఊరికే ఏడస్తా ఉండాడు."

"ఏడవనీ. ఇద్దరూ అన్నం తిని బస్సెక్కండి."

ఫోను పెట్టేశాక సంతోషం రావాలి. వచ్చింది కూడా, కానీ వెంటనే దాని నెత్తిన ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఒక్క బిడ్డకు అయిదుసార్లు ఆఫీసు, ఒక తోట, మొగుడి పని. ఇంకా పదహారు మంది ఉన్నారు. ఆ లెక్కన తనకు ఎన్ని తోటలు కావాలో ఆమెకు తేలలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వాటిని తిట్టుకుంటూ మోచేత్తో తుడుచుకుంది. తరవాత కుర్చీ దగ్గరికి లాక్కుని, నిర్మలమ్మ ఎదురుగా కూర్చుంది.

"మొదటి పేరు చదవండి మేడం" అంది.